కరెంటు మూకుడులో చేపలు

ఈ బరువు నాలో చేరి చాలా ఏళ్లయింది. రోజూ గుర్తుండదు. పనిలో పడితే అసలే ఉండదు. కానీ కార్తీకం వస్తుంది, ఎవరో మాల వేసుకుని నల్ల బట్టల్లో బజారులో ఎదురవుతారు, అప్పుడు నేను ఏదో పని ఉన్నట్టు రోడ్డుకు అవతలి వైపు నడుస్తాను. ఎందుకలా నడుస్తానో నా భార్యకు కూడా తెలియదు. అడిగితే ఎండ అంటాను. కార్తీకంలో ఎండేమిటని ఆమె నవ్వుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం కూడా పిరికితనమే, అది నాకు తెలుసు. కానీ పూర్తి ధైర్యం వచ్చేదాకా ఆగితే ఈ జన్మకు చెప్పలేను. అందుకే ఉన్నంత ధైర్యంతో చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి.

మొదట వింటే మీకు నవ్వు కూడా రావచ్చు. వేపుడు మిషను ఒకటి, కాసిని చేపలు, ఒక అబద్ధం. ఇంతకంటే పెద్ద తప్పులు చేసి హాయిగా నిద్రపోయేవాళ్లు లోకంలో ఉన్నారు. నేను కూడా నిద్రపోతూనే ఉన్నాను లెండి. నిద్ర పట్టలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పినపాక వైపు పశువుల దవాఖానాలో కాంపౌండరుని. పొద్దున మోటారు సైకిలు మీద అడవి పల్లెలకు పోయి గొడ్లకు సూదిమందు వేయడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. ఒకే పెంకుటింటిని రెండు వాటాలు చేసి కిరాయికి ఇచ్చారు. ఒక వాటాలో నేను, నా భార్య రూతు, మా బాబు. రెండో వాటాలో లారీ నడిపే యాదగిరన్న, ఆయన భార్య సుగుణక్క, ఆయన తల్లి. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లు గుడికి పోయేవాళ్లు. రెండు వంటిళ్ల కిటికీలూ నడుమెత్తు గోడ అడ్డమున్న ఒకే పెరట్లోకి తెరుచుకునేవి. ఆ కిటికీల్లోంచే రూతు, సుగుణక్క పొద్దస్తమానం మాట్లాడుకునేవారు. ఇంత మాట్లాడుకోవడానికి వీళ్లకు ఏముంటుందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

మా బావమరిది మస్కట్ నుంచి వస్తూ ఆ మిషను తెచ్చాడు. తెల్లటి డబ్బా. లోపల నూనె పోసే గిన్నె, దాని అడుగున కాయిల్, నూనెలోకి దించడానికి పిడి ఉన్న జాలీ బుట్ట, పైన అద్దం బిళ్ల బిగించిన మూత. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగేది, నూనె కాగితే ఆరిపోయేది. అది నడిచినంతసేపూ ఇంట్లో బల్బు నీరసంగా వెలిగేది. మా వైపు నూనె వంటల బాణలిని మూకుడు అంటారు. సుగుణక్క అత్త ఈ డబ్బాను తలుపు దగ్గర నిలబడి చూసి, కరెంటు మూకుడు అంది. ఆ పేరే ఖాయమైంది. రూతు కూడా అలాగే అనడం మొదలుపెట్టింది.

రూతు దానికొక కట్టుబాటు పెట్టింది. అందులో నీసు వేయకూడదు. చేపో కోడో వేయించుకోవాలంటే వేరే ఇనప మూకుడు ఉంది. మిషనులో గారెలు, చెక్కలు, గవ్వలు, అరిసెలు, అంతే. క్రిస్మస్ పిండివంటలు మా ఇంటినుంచి చుట్టుపక్కల అందరికీ పోతాయి, వాళ్లలో నీసు ముట్టనివాళ్లూ ఉంటారు. ఈ మాట నా ముందే సుగుణక్కతో చెప్పింది. "దీంట్లో నీసు వెయ్యనక్కా. నీకెప్పుడు కావాలన్నా తీసుకెళ్లు" అంది. రూతుది పెనుబల్లి. మాట మెత్తగా ఉంటుంది, ఇచ్చిన మాట మాత్రం గట్టిగా ఉంటుంది.

సుగుణక్కకు పెళ్లయి చాలా కాలమైనా కడుపు నిలవలేదు. ఆ ఏడు నిలిచింది. ఆమె భద్రాచలం రామయ్యకు మొక్కుకుంది. కార్తీకమంతా ఇంట్లో నీసు ముట్టకుండా, తెల్లారే స్నానం చేసి దీపం పెట్టి, చివర్న తన చేత్తో గారెలు, బూరెలు చేసి రామయ్య పటానికి నైవేద్యం పెట్టి, ఇరుగుపొరుగుకు భోజనం పెడతానని. అంతకుముందు ఆమె చేపలంటే ప్రాణం పెట్టే మనిషి. గోదావరి చేప వచ్చిన రోజున మా కిటికీలోంచి గిన్నె లోపలికి రాకుండా ఉండేది కాదు. అలాంటి మనిషి నోరు కట్టుకుంది. ఆ బిడ్డ మీద ఆమెకు ఎంత ఆశ ఉందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ నెలలోనే రూతు వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అయింది. రూతు బాబును తీసుకుని పెనుబల్లి పోయింది. ఇంట్లో నేనొక్కడినే మిగిలాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అడవి పల్లె పెద్దాయన ఒకడు మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంతకుముందు ఆయన ఎద్దుకు గొంతువాపు వస్తే నేను పోయి మందు వేశాను. ఎద్దు బతికింది. టేకాకుల్లో చుట్టిన కొర్రమట్ట చేపలు నా చేతిలో పెట్టి, ఎద్దు మేత మేస్తోందని చెప్పి వెళ్లిపోయాడు. వాగులో పట్టినవి. ఇంకా నిగనిగలాడుతున్నాయి.

ఇనప మూకుడులో చేప వేయించడం నాకు చేతకాదు. తోలు అడుగంటుతుంది, నూనె చేతుల మీద చిట్లుతుంది. మిషనుకైతే మూత ఉంది. రూతు మాట గుర్తులేక కాదు. పక్కింట్లో నియమం నడుస్తోందనీ గుర్తుంది. మూత వేస్తే వాసన బయటికి పోదులే అనుకున్నాను. ఒక్కసారికి ఏమవుతుంది అనుకున్నాను. మగవాడు ఇంట్లో ఒక్కడే ఉంటే వాడికి వచ్చే ఆలోచనలన్నీ ఇట్లాగే ఉంటాయేమో. చేపలు బాగా వేగాయి. అంచులు కరకరలాడాయి. అన్నీ నేనే తిన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అవి రుచిగా ఉన్నాయనే చెప్పాలి. అది కూడా దాచితే ఇక ఈ రాయడం దేనికి?

తర్వాత నూనెను గుడ్డలో వడకట్టి మళ్లీ కాచాను. వాసన విరగడానికి చింతపండు ముద్ద, నిమ్మాకులు వేశాను. అదంతా రూతు కనిపెట్టకూడదని. అప్పటికి నా భయం రూతు గురించే, సుగుణక్క ఆ మిషను అడుగుతుందన్న ఆలోచనే లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సుగుణక్క మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి తలుపు మీద. ఆ కాసేపట్లో ఆమె అన్నదీ నేనన్నదీ ఒక్క మాట పొల్లుపోకుండా నాకు గుర్తుంది.

"తమ్మీ, రేపు నైవేద్యం పెట్టుకుంటున్న. పొయ్యి కాడ ఎక్కువసేపు నిలబడనిస్తలేదు ఈ కడుపు. కరెంటు మూకుడైతే కుర్చీ ఏసుకోని కూసోని గోలిచ్చుకుంట. ఇస్తవా?"

"గదేందక్కా, అడగాల్నా. నేనే తెచ్చి పెడ్త."

"అడగొద్దు గని అడుగుతున్న, ఏమనుకోకు. రూతు లేదు గదా. అందుల నీసేమన్న గోలిచ్చినవా?"

"లేదక్కా. ముట్టలే."

ఆమె వెంటనే వెళ్లిపోలేదు. కొంచెం సిగ్గుపడినట్టు నవ్వింది.

"ఆదివారం నాడు చేపలు గోలిచ్చిన వాసన వచ్చినట్టయింది నాకు. గందుకే అడిగిన."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె నాకు తలుపు తెరిచి పెట్టింది. నేను ఏమన్నానో చూడండి.

"మా ఇంట్ల గాదక్కా. నీకట్ల అనిపించి ఉంటది."

"అవ్," అంది ఆమె. "ఏందో, లేని వాసనలు గూడ వస్తున్నయ్ నాకు."

ఎందుకు అన్నాను ఆ మాట? మొదటి అబద్ధం సరే, అది భయంతో నోట్లోంచి జారింది. చెబితే రూతుకు తెలుస్తుంది, రూతు ఇచ్చిన మాట పోగొట్టినవాణ్నవుతాను, పక్కింటి ముందు చిన్నబోతాను. ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి. కానీ రెండో మాట అవసరమే లేదు. "నీకట్ల అనిపించి ఉంటది." ఆమె ముక్కును, ఆమె మనసును ఆమే నమ్మకుండా చేసే మాట అది. పైగా ఎంత మెత్తగా అన్నాను. బెదిరిన ఆవు మెడ నిమురుతూ సూది గుచ్చడం నా ఉద్యోగం కదా, ఆ గొంతు నాకు అలవాటే.

ఆమె వెళ్లాక నూనె పెరట్లో గుంట తీసి పోశాను. బుట్టను చింతపండు, బూడిద పెట్టి తోమాను. గిన్నెను నీళ్లలో ముంచడానికి లేదు, కాయిల్ పాడవుతుంది. తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకు చిన్న పొలుసు అంటుకుని వచ్చింది. దాన్ని చూశాను. చూసి కూడా, కడిగాను కదా, కొత్త నూనె పోసుకుంటుంది కదా, ఇంకేముంది అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. నా లెక్క ప్రకారం అది శుభ్రమే. కానీ అది నా లెక్కతో తేలే సంగతి కాదు. నైవేద్యం ఆమెది, నియమం ఆమెది. అది పనికొస్తుందో లేదో చెప్పాల్సింది ఆమె.

మర్నాడు మిషను తీసుకెళ్లి వాళ్ల వంటింట్లో పెట్టి, ప్లగ్గు కూడా నేనే బిగించాను. ఆమె కుర్చీలో కూర్చుని, తడి తల ముడి వేసుకుని, ఒక్కో గారె తట్టి నూనెలోకి వదిలింది. మధ్యాహ్నం నన్నూ పిలిచి ఆకు వేశారు. యాదగిరన్న నా భుజం మీద చెయ్యి వేసి, నీ మిషన్ లేకుంటే మస్తు తక్లీఫ్ అయ్యేది తమ్మీ అన్నాడు. నేను గారెలు తిన్నాను. బాగున్నాయని చెప్పాను కూడా.

మాఘంలో సుగుణక్కకు నొప్పులు వచ్చాయి. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. బిడ్డ చచ్చి పుట్టింది. మగపిల్లాడు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందని డాక్టరు చెప్పిందట. నేను దూడల్లో అలాంటివి చూశాను. ఎవరి తప్పూ ఉండదు, అలా జరుగుతుంది, అంతే. నేను అప్పుడూ అదే నమ్మాను, ఇప్పుడూ అదే నమ్ముతున్నాను. చేపలకూ ఆ తాడుకూ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుని చాలా కాలం నేను నిమ్మళంగా బతికాను.

అయితే కొన్నాళ్లకు రూతు కిటికీ దగ్గర్నించి ఏడ్చిన ముఖంతో వచ్చింది. సుగుణక్క అత్త, నియమంలో ఎక్కడో తప్పు జరిగింది, లేకుంటే రామయ్య ఇట్ల చెయ్యడు అంటోందట. సుగుణక్క ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుందట. వెతికి, దొరికింది అందట. కార్తీకంలో ఒక ఆదివారం ఆమెకు చేపల వాసన వచ్చింది. నోట్లో నీళ్లూరాయి. అన్నం ముందు కూర్చుని ఆ వాసనతోనే ముద్దలు మింగింది. తర్వాత వెనక ఇళ్లలో అడిగిందట, ఎవరూ ఆ రోజు చేపలు వండలేదన్నారు. నన్నడిగితే నేనూ లేదన్నాను. అంటే వాసన ఎక్కడా లేదు. నీసు మీద మనసు పోయింది కాబట్టే లేని వాసన వచ్చింది. నోటితో తినకపోతేనేం, మనసుతో తిన్నట్టే కదా. రామయ్య చూసేది మనసునే కదా. ఇదీ ఆమె తేల్చుకున్నది.

రూతు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మా ఇంట్లో అయితే కాదక్కా, మా ఆయన ఆ మిషన్లో నీసు వెయ్యడు అని నేను కూడా చెప్పానండీ" అంది. నేను ఇంజెక్షన్ డబ్బా సర్దుకుంటున్నాను. తలెత్తలేదు.

అప్పుడు ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ ఒక జవాబు దొరికింది, ఏదీ నిలబడలేదు. ఆమె ఏడుపు కొంచెం తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గాక, ఇప్పుడెందుకు మళ్లీ కెలకడం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, అట్ల అవుతుంటయి అక్కా, నీ తప్పేం లేదు అన్నాను. ఆ మాట నిజమే. కానీ అది నిజమని ఆమెకు తెలియాలంటే ఇంకో నిజం చెప్పాలి. దాన్ని మింగేసి ఓదార్పు మాత్రం ఇచ్చాను.

తర్వాతి ఏడు రూతుకు రెండో కడుపు. ఆ వార్త తెలిసిన రోజునుంచి సుగుణక్క మా గడప తొక్కలేదు. కిటికీ రెక్క కూడా వేసి ఉంచేది. ఉసిరికాయ పచ్చడి చేస్తే గిన్నె తెచ్చి పెరటి గోడ మీద పెట్టి, రూతును కేక వేసి, రూతు వచ్చేలోపల వెళ్లిపోయేది. అసూయేమోనని రూతు అనుకుంది. అనుకున్నందుకు మళ్లీ తనే బాధపడింది. ఒకసారి గిన్నె పెడుతుండగా నేను ఎదురుపడి, ఇంట్లోకి రావచ్చు కదా అక్కా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, "వద్దు తమ్మీ. నా మనసు మంచిది గాదు" అంది.

అంత మామూలుగా అంది. వేడి గిన్నె పట్టుకోకు అన్నట్టు. నోరు తెరిచాను. మా ఇద్దరికీ మధ్య గోడ, గోడ మీద పచ్చడి గిన్నె. గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఆ రోజే నేను నిజంగా దొంగనయ్యానని నాకు అనిపిస్తుంది. చేపలు తిన్న రోజు కాదు, అబద్ధమాడిన రోజు కూడా కాదు.

రూతు మిషను వాడుతూనే ఉండేది. నేను మాత్రం అందులో వేగినదేదీ తినలేకపోయాను. కడుపులో మంట అన్నాను. ఇప్పటికీ చుట్టాలింటికి పోతే, ఆయనకు నూనె వస్తువులు పడవండీ అని రూతు ముందే చెప్పి, నాకు ఇడ్లీ పెట్టిస్తుంది. నా కడుపుకు ఏ జబ్బూ లేదు. కాయిల్ కాలిపోయాక మిషను పాత సామాను వాడికి వేసేశాం.

సుగుణక్కకు తర్వాత ఒక పాప పుట్టింది. బాగుంది, బాగా చదువుకుంటోంది. దాంతో అంతా సర్దుకుందని మీరు అనుకుంటారేమో, నేనూ అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాను. యాదగిరన్న ఏటేటా మాల వేసుకుంటాడు. మాల వేసుకునే ముందు రోజు సుగుణక్క బట్టలు సర్దుకుని కారేపల్లిలో పుట్టింటికి వెళ్లిపోతుంది. ఆయన ఇరుముడి కట్టుకుని కొండకు పోయి, తిరిగి వచ్చి మాల తీసేదాకా ఇంటికి రాదు. ఇంట్లో తను ఉంటే తన మనసు వల్ల ఆయన దీక్ష చెడుతుందని. పాపకు నాయనమ్మ జడ వేస్తుంది. అమ్మ ప్రతి ఏడాది ఎందుకు పోతుందని పాప అడిగితే, చేను పని ఉందని చెబుతారట. మాకు బదిలీ అయ్యే ముందు ఏడు ఆమెను బస్సెక్కించడానికి యాదగిరన్నకు తీరలేదు. నేనే నా బండి మీద సంచీ పెట్టుకుని బస్సు దగ్గరికి తీసుకెళ్లాను. కిటికీ సీటు చూసి కూర్చోబెట్టాను. అన్నను చూసుకో తమ్మీ అంది.

దేవుడికి చెప్పాను. ఎప్పుడో చెప్పాను, మోకాళ్ల మీద పడి, నిజంగానే ఏడ్చి. దేవుడికి చెప్పడం తేలిక, ఆయనకు ముందే తెలుసు. ఆయన క్షమించి ఉంటాడని పాస్టరుగారి ప్రసంగాలు విన్నప్పుడల్లా నమ్మకం కలుగుతుంది. ఇంటికి వచ్చాక, క్షమించాల్సిన మనిషికి అసలు సంగతే తెలియదని గుర్తొస్తుంది.

చెబితే ఏమవుతుందో నేను ఆలోచించాను. ఆమె మనసు మీది మచ్చ పోతుంది. కానీ ఆమె లెక్కలో నియమం తప్పబట్టే బిడ్డ పోయింది. తప్పింది తన వల్ల కాదని తెలిసిన మరుక్షణం, ఎవరి వల్లో తెలుస్తుంది. నేను ఆమె కొడుకును తీసుకున్నవాణ్నవుతాను. బొడ్డుతాడు గురించి ఆమెకు ఎన్ని చెప్పినా ఆ లెక్క మారదు. నన్ను తమ్మీ అని పిలిచిన నోటితో ఆమె ఏమంటుందో ఊహించుకోలేకపోయాను. రూతు ముఖమూ ఊహించుకోలేకపోయాను. అందుకని ఆ బరువు ఆమె మీదే ఉంచాను. ఆమె దాన్ని ఎవరినీ తిట్టకుండా మోస్తోంది కాబట్టి, మొయ్యనిచ్చాను. ఇంత సాఫీగా రాయగలిగానంటే నాకే జంకుగా ఉంది.

ఈ కాగితం ఆమె చేతికి చేరుతుందో లేదో తెలియదు. ఆమె చదువు అంతంత మాత్రమే. రేపు నేనే ఆమె దగ్గరికి పోయి చెబుతానని మీకు మాటివ్వను, నా మాటల సంగతి మీరు చూశారు కదా. కానీ ఇన్నేళ్లలో ఒక్క మనిషికి కూడా చెప్పనిది మీకు చెప్పాను. ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. ఆ చోటుకు నాకు అర్హత ఉందా అన్నది వేరే సంగతి.

సుగుణక్కా, నీ మనసుకు ఏమీ కాలేదు. ఆ ఆదివారం నీకు చేపల వాసన నిజంగానే వచ్చింది. మా ఇంట్లోంచే వచ్చింది.